వాపసు రిపోర్టు

కోర్టు అంటే మీకు నల్లకోటు.
నాకు చెప్పులు.
ఇరవై ఆరేండ్లల్ల పదకొండు జతలు అరిగినయి.
పరకాల నుంచి ఎటు నడిచినా
సంచిల సమన్లు వెట్టుకొనే నడిచిన.

పటం ముంగట వెట్టి చూపియ్యమంటే నాతోని కాదు.
రేగొండ దాటినంక మన్ను రంగు మారుతదని చెప్త.
చలివాగు ఎండకాలం సైకిలుకు తొవ్వ ఇస్తది,
వానకాలం ఇయ్యదు.
ఏ ఊరి కుక్కలు ఖాకీ అంగిని గుర్తువడ్తయో,
ఏ ఇంట్ల ప్రతివాది అటకెక్కి దాక్కుంటడో,
ఏ ఇంట్ల వాని పెండ్లామే
"లోపల్నే ఉన్నడు, తీస్కపో" అంటదో,
గదీ నాకు తెలిసిన జిల్లా.

నడుమ జిల్లా ముక్కలైంది.
పండుగ పూట మేకను పంచినట్టు
తలా ఒక కుప్ప.
కొత్త బోర్డులు, కొత్త కలెక్టర్లు,
కిరాయి బంగ్లాలల్ల
వడ్ల బస్తాల తీరు పేర్చిన ఫైళ్ళు.
ఒర్రెలు మాత్రం పాత తొవ్వనే పారినయి.
అచ్చువేసిన జిల్లా పేరు కొట్టేసి
పక్కపొంటి పెన్నుతోని కొత్తది రాసుడు
మూడు నెలలు నా పని.
ఒకసారి మర్చిపోయి పాతదే రాస్తే
ఎవలూ పట్టుకోలె.

ఓ.ఎస్. నంబరు నూట పద్దెనిమిది.
ఉడుముగడ్డ. మూడు గుంటల చెలక.
వాది మేకల గట్టయ్య, ప్రతివాది మేకల పోశం,
ఇద్దరు పాలోళ్ళు.
రాత్రిపూట హద్దురాయి పీకి
రెండు మూరలు జరిపిండని దావా.
మొన్నటి కార్తీకంల సమను పట్టుకొని పోయిన.
మోరీ దాటిన, మైసమ్మ గద్దె కోసం చూసిన,
తొవ్వ ఉన్నకాడికి పోయి
ఆగిపోయింది.

కింద బొగ్గు బాయి.
డంపర్లు అగ్గిపెట్టెలంత.
సైరన్ మోగితే
చేతుల కాయితం అదిరింది.
చట్టం ఏమంటది?
మనిషి లేకుంటే తలుపుకు అంటియ్యాలె.
తలుపు లేకుంటే?
ఇద్దరు పెద్దమనుషుల దస్తఖతు కావాలె.
ఒక సెక్యూరిటీ పిలగాడు దొరికిండు, బీహారోడు,
నా మాట వానికి తెల్వదు,
వాని మాట నాకు తెల్వదు.
తాగుమని నీళ్ళ సీసా ఇచ్చిండు.

రాత్రి రిపోర్టు రాసిన:
"ప్రతివాది ఇంట లేడు.
ఇల్లు లేదు.
సదరు సర్వే నంబరు
నూటెనభై అడుగుల లోతులో ఉన్నట్టు
పై నుండి చూచితిని.
హద్దురాయి అగుపించలేదు.
అంటించుటకు ఏమియు లేనందున
సమను వాపసు తెచ్చితిని."

జడ్జమ్మ చిన్న పిల్ల, కొత్తగ వచ్చింది.
రెండుసార్లు చదివింది.
కిటికీ దిక్కు చూసింది.
"మళ్ళీ జారీ చేయండి" అన్నది.

బయట చాయ్ బల్ల మీద గట్టయ్య.
"పోశం యాడుంటడే?" అన్న.
"నా పక్కింట్ల.
కంపెనీ కాలనీల ఒక్కటే గోడ మాది.
వాడు దగ్గితే నాకు నిద్ర రాదు."
"మరి గీ అడ్రసు ఎందుకు రాయించినవ్ రా,
నా కాళ్ళు ఇరగ్గొట్ట?"
బీడీ ఆర్పి చెవి మీద వెట్టుకున్నడు.
"రేషన్ కార్డుల కాలనీ, ఓటుల కాలనీ,
బస్సు టికెట్టు మీద సుత కాలనీ.
వాయిదా నాడు మీ బంట్రోతు
'ఉడుముగడ్డ' అని మూడుసార్లు ఒర్లుతడు జూడు,
గది ఇనొచ్చని."

గంతల్నే పోశం సైకిలు దిగిండు.
పాలోన్ని కోర్టుకు తోల్కపోను వచ్చిండట.
బల్ల మీదనే సమను ఇచ్చిన.
ఏలుముద్ర వేసి
సిరా గట్టయ్య తువ్వాలకే తుడిసిండు.

అందజేసిన స్థలము అన్నకాడ
కొంచెం సేపు పెన్ను ఆడలె.
ఉడుముగడ్డ అని రాసిన.
చాయ్ పైసలు గట్టయ్య ఇస్తనంటె
పోశం ఇస్తనన్నడు.
మళ్ళ లొల్లి.