చిల్లర లెక్క

పొద్దుగాల లేవంగనే చెయ్యి పోయి సంచి తడుముతది.
సంచి లేదు, భుజానికి తోలు పట్టీ లేదు.
పద్నాలుగేండ్ల అలవాటు, చెయ్యి ఊకోదు.
ఇయ్యాలటికి ఎంత చిల్లర ఇచ్చి పంపిండ్రో చూసుకోవాలె.

కొన్ని దినాలు నలభై రూపాయలుంటయి.
కొన్ని దినాలు పన్నెండే.
స్నానానికి అయిదు, తలస్నానమైతే ఎనిమిది.
జడేసుకునేటందుకు చేతులు పైకెత్తితే రెండు,
అందుకే ఆషాఢంల జుట్టు భుజాలదాక కత్తిరిచ్చిన.
బియ్యం కడుగుడు ఒకటి.
మూడో అంతస్తు మెట్ల లెక్క మాత్రం
ఎక్కినంక గాని తెల్వది,
ఒక్కోపారి రేపటి పైసలు గూడ గుంజుకుంటయి.

ఒకప్పుడు నలభై తొమ్మిది ఎంల,
సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం దాక,
నూటపదిమంది నడుమ చేప తీర్గ ఈదిపోయేదాన్ని.
ఎవరెక్కడ ఎక్కిన్రు, ఎవరికి అయిదు బాకీ,
టికెట్ ఎనక రాయకుండనే యాదికుండేది.
ఇప్పుడు పాల పిలగాడు "ఎన్ని ప్యాకెట్లక్కా" అంటే
రెండు అన్న మాట నోట్లెకు వచ్చేటాల్లకు
పంజాగుట్ట సిగ్నల్ పడి లేస్తది.

రెండో వేవ్‌ల పదకొండు దినాలే పన్న.
పక్క మంచం పెద్దమనిషి ఇంటికి పోలే,
నేను నడిచొచ్చిన.
అదృష్టవంతురాలివన్నరు అందరు. కాదన్లే.
ఎక్స్‌రే సాఫ్, రక్తం సాఫ్, గుండె పట్టీ సాఫ్.
డిపోల సార్ కాయితాలన్ని తిరగేసి
"అన్ని మంచిగున్నయంటే మంచిగున్నట్టే గదమ్మా" అన్నడు.
టికెట్ మిషన్ చార్జింగ్ ఫుల్ చూపెడ్తది సారూ,
రెండు టికెట్లు కొట్టంగనే ఆరిపోతది,
అసొంటియి మీరే ఎన్ని రిపేరుకు పంపలే?
అందామనుకున్న.
అంటే మూడు రూపాయలు ఖర్చు.
మిగుల్చుకున్న.

ఎర్రగడ్డ దవాఖానల మెహజబీన్ మేడం చెప్పింది:
అలసినంక కూసునుడు గాదు, అలవకముందే కూసో.
అలవకముందే ఎట్ల తెలుస్తది మేడం?
స్టాప్ దాటినంక సీటీ కొడ్తవా నువ్వు?

అప్పటి సంది ఇంట్ల నాకు నేనే సీటీ.
సగం బెండకాయలు కోసినంక, సీటీ.
ఒక్క బకెట్ బట్టలు, సీటీ.
మంచిగ అనిపిచ్చిన దినం ఇంకా గట్టిగ కొట్టాలె,
మొన్న అట్లనే ఖుషీల ఇల్లంత కడిగి
నాలుగు దినాలు పరుపు మీద డిపోల బండి తీర్గ పడున్న.

రెండో అంతస్తు మలుపుల
ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలుంటది.
పల్లవి వాళ్లమ్మ పెట్టింది. ఎందుకని నన్ను అడగలే,
నాకు చెప్పలే. ఎవరన్న తీస్తే మళ్ల పెడ్తది.

వాసనల సంగతి వేరే.
ఇరానీ చాయ్ కాలిన రబ్బరు,
ఉల్లిగడ్డ మురుక్కాలువ.
రోజు రెండుమాట్ల లవంగం మూసి చూడమన్నరు, చూస్త.
వాసన రాదు, లవంగం యాదికొస్తది.
పోయిన గురువారం లక్డికాపూల్‌ల నిలబడితే
ఒక్క లిప్త డీజిల్ వాసనొచ్చింది, అసలుదే.
ఏడ్చిన. ఏడుపుకు ఆరు రూపాయలు.

ఇయ్యాల దవాఖానకు బస్సెక్కిన.
కొత్త కండక్టర్ పిల్ల జీరో టికెట్ చేతిల పెట్టింది.
పైసలు లేకున్నా లెక్కుంటది, తెల్సు నాకు.
ముందు సీట్ల పెద్దామె నన్ను పైకి కిందికి చూసి
"వయసు పిల్లవు, నిలవడరాదు?" అంది.
జవాబుకు ధర కట్టి చూసిన. కిటికీ దిక్కు తిరిగిన.

దిగేటప్పుడు
చెయ్యి దానంతల అదే పోయి బస్సు రేకు మీద
రెండు దెబ్బలు కొట్టింది. రైట్ రైట్.
డ్రైవర్ అలవాటుగ కదిలిచ్చిండు,
ఆ పిల్ల నా దిక్కు కోపంగ చూసింది.
ఒక రూపాయి.
ఇయ్యాల అంత ఉండె.