క్లచ్ ప్లేటు వచ్చేలోగా

ఆటోనగర్లో షట్టర్లన్నీ దిగాక
మా షెడ్డులో ఒక్క బల్బు మిగులుతుంది.
దాని కింద గ్యాస్కెట్ పెట్టె చింపి
అట్ట వెనక వైపు
సముద్రపు ఒడ్డు గీస్తున్నాను,
చెవి మీది పెన్సిల్‌తో.

ఊళ్ళు నాకు రిపేర్లుగానే గుర్తు.
పామర్రు అంటే బేరింగ్ పోయిన ధాన్యం లారీ.
చల్లపల్లి అంటే అర్ధరాత్రి ఫ్యాన్ బెల్టు,
టార్చి పట్టుకుని నిద్రలో తూలిన క్లీనరు.
పులిగడ్డ వంతెన మీద
మరిగి ఆగిపోయిన పెళ్ళి బస్సు.
కింద అంత కృష్ణ ఉండి కూడా
రేడియేటర్లో పోసింది పెళ్ళివారి బిందెలో నీళ్ళే.
రేపల్లె దాటి పోలేదు నేను.
సముద్రం పక్కన
ఎవడి బండీ చెడిపోలేదు.

ఇప్పుడు మాకే ఒకటుంది.
ముగ్గురి చేతులు మారిన ఓమ్ని.
బడి పిల్లల్ని మోసి మోసి అలిసిపోయింది,
సీటు కింద ఇంకా ఎవరిదో సగం చాక్‌పీసు.

రత్నకుమారి అట్ట లాక్కుంది.
"కిలోమీటర్లు రాస్తావేంటి,
బెన్ను ఒంటేళ్ళ లెక్కన రాయి" అంది.
కొట్టేసి మళ్ళీ రాశాను:
కంకిపాడుకి ఒకటి.
ఉయ్యూరుకి ఒకటి, చెరుకురసం తాగితే రెండు.
బందరు దాకా నిద్రపోతే సున్నా,
కానీ అప్పుడు సీటు మీద.

కెజియాకి వంపు వస్తే వాంతి.
ఎడమ కిటికీ దానిది, చేతికో నిమ్మకాయ,
కవర్లు పది.
పదీ చాలవని ఇద్దరికీ తెలుసు.

"మంగినపూడిలో అంతా నల్లమట్టి అంట,
తెల్ల గౌన్లు వద్దు.
సూర్యలంక అయితే ఇసుక."
ఎవరు చెప్పారంటే చెప్పదు.
జ్వరం సీసా, గ్లూకోజు పొడి,
చర్చికి కట్టుకునే చీర ఒకటి, ఎందుకో మరి.

"సముద్రానికి ఆదివారం సెలవా నాన్నా?
షట్టరు ఎన్నింటికి దించుతారు?"
కెజియాకి తెలిసిన లోకమంతా
ఏడింటికి మూసే వీధి.
బెన్ను ఫోన్లో అలలు చూసి అడిగాడు,
"వెనక్కి పోయేటప్పుడు హారన్ కొట్టదేం?"
రివర్సులో పాట పాడని బండి
వాడింతవరకు చూడలేదు.

పిల్లలు అటు తిరిగాక ఆమె మెల్లిగా,
"మోకాలు దాకానే."
"ఎవరి మోకాలు?"
"బెన్నుది."
ఇంత రోడ్డూ, ఇంత పెట్రోలూ
మూడేళ్ళవాడి మోకాలంత నీటికి.
నేనేమీ అనలేదు.
ఎండాకాలం సోమవారాల్లో పేపరు మేమూ చదువుతాం,
ఒడ్డున వరసగా విడిచిన చెప్పుల ఫోటో.
బండ్లు లాగే తాడు తెచ్చి సంచి అడుగున పెట్టాను.
కాసేపటికి చూస్తే
అది సంచిలో పైకొచ్చి ఉంది.

గేర్‌బాక్సు నేల మీద ఉంది.
బండి మాత్రం ఎప్పుడో బయల్దేరిపోయింది.
బెన్ను స్టీరింగు మీద, నోటితో ఇంజను,
కెజియా వెనక నుంచి "అవనిగడ్డ, అవనిగడ్డ, దిగేవాళ్ళు!"
ఒకసారి నిజంగానే ఆపారు, గోడ పక్కకి పరిగెత్తారు.
రేపల్లె నాకంటే ముందే దాటేశారు.
చేరాక కెజియా దిగి
నేల మీద వాషర్లు ఏరుకుంది, గౌను నిండా,
నూనె మరకల గవ్వలు.
పాత బేరింగు ఒకటి దొరికితే
చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది.
గరగర.
"ఇలాగే ఉంటుందా నాన్నా దాని చప్పుడు?"

చెవి పెట్టి విని
ఏ చక్రం ఎన్నాళ్ళు ఆడుతుందో చెప్పగలను.
దీనికి మాత్రం
"పడుకో, పొద్దుపోయింది" అన్నాను.

క్లచ్ ప్లేటు గుంటూరు నుంచి రావాలి.
శనివారం అన్నాడు.
పోయిన శనివారం కూడా శనివారమే అన్నాడు.
డ్యాష్‌బోర్డు మీద
నిమ్మకాయలు రంగు మారుతున్నాయి.