పక్కా రంగు

కొత్తవాడ మోరీ ఇయ్యాల ఏ రంగుల పారుతదో
చూడకుండనే చెప్త.
నిన్న నేను ముంచిన నూలే కదా.
బుధవారం ఎరుపు.
పెండ్లిళ్ల కాలమైతే వారమంత ఎరుపే.

మోరీ పక్కన గొంతుకూసోని
సీసాలల్ల నీళ్లు పడుతున్న పిల్లను జూసి
మున్సిపాలిటీ మనిషనుకొని తలుపేసుకున్న.
పేరు నుజ్హత్ అట, యూనివర్సిటీల పరిశోధనట.
"రంగు మీద నాకేం కోపం లేదు కాకా,
నీళ్లల్లకెల్లి తియ్యాలె, గంతే."

గోగునార కావాలన్నది.
నవ్వొచ్చింది నాకు.
పత్తిచేను గెట్టు మీది గోగు
ఆకు తెంపంగ తెంపంగ ముదిరిపోతే
కట్టె నానేసి, నార తీసి
బర్రెకు పలుపు పేనుతరు.
దానికి ఇంత చదువా?
మా ఓదెమ్మ మాత్రం పరకాల దిక్కున్న అన్నకు ఫోన్ చేసింది.
మోపు బస్సెక్కి వచ్చింది.

ఉడకేసింది, దంచింది, సోడాల కడిగింది.
గవన్నీ మేం నూలుకు చేసేటియే.
తర్వాతిదే సమజ్ కాలే:
నార మీద ఇనుప తుప్పసొంటిది ఎక్కించిందట,
వెంట్రుకను వెయ్యి చీలికలు చేస్తే
ఒక్క చీలిక కంటె సన్నం.
"ఏదీ, చూపియ్యి బిడ్డా."
"నా కంటికి గూడ ఆనది కాకా."
అయస్కాంతం దగ్గరికి తెస్తే మాత్రం
పోగులు లేచి అటు తిరిగినయి.

గొట్టంల నార కూరి
నా బుధవారాన్ని పైనుంచి పోసింది.
కింద
ఒక్కొక్క చుక్క
నీళ్లు.
వట్టి నీళ్లు.

ముప్పై ఏండ్లు
నూలుకు రంగు పట్టియ్యనీకె పొగల కండ్లు పోగొట్టుకున్న.
నా చేతిల నిలువక మోరీల పడ్డదాన్ని
గెట్టు మీది నార పట్టుకున్నది.
గుంజి, తడి వేలుతోని రుద్ది చూసిన,
అలవాటు పోదు కదా.
వేలికి అంటలే.
"పక్కా రంగు" అన్న.
ఆ పిల్ల పుస్తకంల రాసుకున్నది.

ఐదో దినానికి నారకు కడుపు నిండింది.
కింద గులాబి చుక్కలు మొదలైనయి.
"ఇప్పుడు దీన్నేం చేస్తవ్?"
అన్నిటికి జవాబున్న పిల్ల
నార దిక్కు చూసుకుంట ఊకున్నది.

ఓదెమ్మ దాన్ని దండెం మీద ఆరేసింది
నూలు చిలపల పక్కపొంటి.
జంపఖాన కోసం వచ్చిన షావుకారి
అన్నీ ఇడిసిపెట్టి దాన్నే పట్టుకొని
"గిది ఎంతకిస్తవ్?" అన్నడు.

ఇయ్యలే.
ఇంక దండెం మీదనే ఉన్నది.