కొసరు

జోంబా బజారులో తూకం లేదు.
టమాటాలంటే కుప్పలు.
కుప్ప అయిదు వందల క్వాచాలు.
పోయిన నెలా అంతే, అంతకు ముందు నెలా అంతే.
నా టాబ్లెట్‌లో ధర గీత
గోడ మీద బల్లిలా కదలకుండా ఉంది.

రాజధాని నుంచి ఫోను:
"టమాటా నిలకడగా ఉంది. బాగుంది, లుసుంగు."
ఏం బాగుంది?

సొంత డబ్బుతో స్ప్రింగు త్రాసు కొన్నాను.
కొక్కెం, సత్తు పళ్ళెం, కాస్త తుప్పు పట్టిన ముల్లు.
కొండ మీది మంచు విడవకముందే వెళ్ళి
కుప్ప తర్వాత కుప్ప తూచాను.
మొదటి వారం ఎనిమిది వందల ఎనభై గ్రాములు.
నాలుగో వారం ఎనిమిది వందలు.
ఏడో వారానికి ఏడు వందల పది.
అడుగున నాలుగు కాయలుండేచోట మూడు,
పైన మాత్రం అదే పెద్ద ఎర్రకాయ, దర్జాగా.
ధర నిలబడే ఉంది
దాని కాళ్ళ కిందే ఇసుక జారుతోంది.

కరెంటు ఉన్నంతసేపు రాత్రుళ్ళు కోడ్ రాస్తాను.
ధరని బరువుతో భాగించు.
సంవర్గమానం తియ్యి.
ఖాళీ గడిని సున్నా అనుకోకు.
ఖాళీ అంటే అడగలేదని, సున్నా అంటే లేదని.
ఆ రెంటికీ తేడా చెప్పడానికే నాకు జీతం.

అబితి జవాదు నా త్రాసును చూసి నవ్వింది.
"ఆలస్యంగా వచ్చావు పిల్లా.
కుప్ప కంటే ముందు నా చెయ్యి తగ్గింది."

సంచిలో కుప్ప పోశాక
ఆ చెయ్యి మళ్ళీ బుట్టలోకి వెళ్ళేది.
ఒక కాయో, రెండు మిరపకాయలో
అడక్కుండానే పైన పడేవి.
మేం బసేలా అంటాం. కొసరు.
ఏప్రిల్లో ఎరువు బస్తా ధర విన్న రోజు
ఆ చెయ్యి బుట్టదాకా వెళ్ళి ఆగిపోయిందట.
"నాకే తెలీకుండా," అంది.
తర్వాత, ఉసిపా చేపల మీద ఈగల్ని తోలుతూ,
"కొన్నావిడ మొహం చూళ్ళేకపోయాను."

నా ఫారంలో నూటపన్నెండు ప్రశ్నలు.
కొసరుకి గడి లేదు.

నూటపదమూడోది చేర్చాను: పైన ఏమైనా వేశారా?
పదిహేడు బజార్లకి పంపాను.
ఖాళీలు వచ్చాయి. వరసలకి వరసలు ఖాళీలు.
లివొండే నుంచి ఫ్రాక్సన్ ఫోన్ చేశాడు.
వెనక మినీబస్సు వాళ్ళ అరుపులు.
"మేడం, వాళ్ళు వెయ్యడం మానేశారని నాకు తెలుసు.
వాళ్ళకీ తెలుసు.
ఆ మాట అడగడానికి నోరు రావడం లేదు."

తిట్టాల్సింది. తిట్టలేదు.
కోడ్ పుస్తకం తెరిచాను.
తొంభై ఏడు: తెలియదు.
తొంభై ఎనిమిది: చెప్పనన్నారు.
వాటి పైన ఒక కొత్త వరస టైప్ చేశాను.
తొంభై ఆరు: అడగలేకపోయాం.

ఈ నెల
తొంభై ఆర్లే ఎక్కువ.