నూటికి నూరు

డాబాగార్డెన్స్‌లో టైలర్ కొట్టు పక్క మెట్లెక్కితే
రెండు బల్లలు పట్టేంత గది. అందులో నూకరత్నం.
నా ల్యాప్‌టాప్‌ని బోర్లా పడుకోబెట్టి
పన్నెండు మరలు విప్పి, వరసగా
పాత స్పీకరు అయస్కాంతానికి అతికించింది.

"ఎక్కువ వాడలేదమ్మా" అన్నాను, సాక్ష్యం చెబుతున్నట్టు.
"కరెంటు బిల్లు కట్టడానికి, అప్పుడప్పుడు
అపార్ట్‌మెంటు మీటింగు మినిట్స్ కొట్టడానికి. అంతే.
ప్లగ్గు తీసిందే లేదు."
తెర మీది లెక్కా నా వైపే మాట్లాడింది:
ఏడేళ్లలో అరవై ఒక్క సైకిళ్లు.
అయినా తీగ లాగితే
పదకొండు నిమిషాలకి కొడిగడుతోంది.

ఆమె నవ్వలేదు. స్క్రూడ్రైవరు మొనతో చూపించింది,
పూరీలా పొంగిన బ్యాటరీని.
"ఖాళీగా కూకున్నాది అనుకున్నారేటి?
నిండా ఉండడం కూడా పనేనండి.
లోపల సన్నటి పొర కడతాది, రోజుకి ఇంత.
చార్జీ మోసే రేణువులు అందులో ఇరుక్కుంటాయి, మరి రావు.
వాడినా కడతాది, వాడకపోయినా కడతాది.
నిండుగా, వేడిగా ఉంటే ఇంకా తొరగా."

ఈ ఊళ్లో ఉంటూ ఇది ఒకరు చెప్పాలా నాకు?
మా మేడ మీద ఎవరూ పట్టుకోని రెయిలింగే
ముందు తుప్పు పట్టింది.
బీచ్ రోడ్డులో ఒడ్డుకెక్కించిన జలాంతర్గామి
ఇక ఏ నీళ్లకీ వెళ్లదు,
రంగు మాత్రం వేస్తూనే ఉండాలి.
పనిలో ఉన్నావా, సెలవులో ఉన్నావా అని
ఉప్పుగాలి ఎవర్నీ అడగదు.

నూకరత్నానికి నేను చెప్పనిది ఒకటుంది.
హుద్‌హుద్ వచ్చిన అక్టోబరులో
పెదవాల్తేరులో ఎనిమిది రాత్రులు దీపం లేదు.
ఫోను ఒక్క గీత మీద ఊగిసలాడి,
దువ్వాడ నుంచి చెల్లెలి గొంతు
"అక్కా, మా పైకప్పు" దగ్గర తెగింది.
దానికేం కాలేదు. రేకు ఒకటి లేచిపోయింది, అంతే.
ఆ అంతే నాదాకా రావడానికి నాలుగు రోజులు పట్టింది.
ఆ నాలుగు రోజులే నాచేత అన్నీ నింపించాయి.
డ్రమ్ము నిండా నీళ్లు. టార్చిలో కొత్త సెల్లులు.
ఏది నూటికి ఒకటి తగ్గినా
కడుపులో ఒక చెట్టు కూలేది.

పాత బ్యాటరీని ఇసుక డబ్బాలో పెట్టింది.
"ఇంటికి తీసుకెళ్లనా?" అన్నాను, ఎందుకో.
"వొద్దండి. ఇలాటిది దాచకూడదు,
పారెయ్యకూడదు కూడా."
కొత్తది బిగించి, రెండువేల ఎనిమిదొందలు తీసుకుని,
ఎనభై దగ్గర ఆగేలా ఏదో నొక్కింది.
"సగంలో ఉంటే దానికి హాయి."

సాయంత్రం అలమర తెరిచాను.
ఆ తుపాను మర్నాటి ఏడు కొన్న కొవ్వొత్తులు,
ఒక్కటీ వెలిగించనివి,
వేసవి మీద వేసవికి
అన్నీ ఒకే వైపు వంగిపోయి ఉన్నాయి.

ప్లగ్గు తీసి కూర్చున్నాను.
డెబ్బై ఆరు. డెబ్బై ఐదు.
దూరంగా యారాడ కొండ మీద దీపం తిరుగుతోంది.
గాలి లేచింది. మామూలు గాలే.
డెబ్బై నాలుగు దగ్గర
చెల్లెలికి ఉత్తరంలాంటిదేదో మొదలెట్టాను.
తీగ ఎక్కడుందో చూడకుండా ఉండలేకపోయాను.
చూశాను. గుచ్చలేదు.