పరికరం సంఖ్య నలభై ఏడు

రాత్రి రెండున్నర.
ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీ, మేడమీద గది.
కింద కంప్రెసరు గురక.
బల్లకింద యూపీఎస్,
తన తప్పేం లేదన్నట్టు ఒక పచ్చదీపం.

దానికీ కంప్యూటరుకీ నడుమ
మూరెడు యూఎస్‌బీ తీగ.
కరెంటు పోతే అది చెప్పాలి,
ఇది విని, పద్దులన్నీ మూసి,
మర్యాదగా నిద్రపోవాలి.
అంతే ఒప్పందం.

లినక్స్ దాచుకోదు, అడగడం తెలియాలి.
అడిగాను. నల్లతెర మీద తెల్లటి వరసలు:
పరికరం వచ్చింది, సంఖ్య నలభై ఏడు.
వెళ్ళిపోయింది, నలభై ఏడు.
వచ్చింది, నలభై ఎనిమిది.
వెళ్ళిపోయింది.
గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పకుండానే
వెనుదిరిగే చుట్టంలా,
వచ్చిన ప్రతిసారీ కొత్త నంబరు.

కిటికీలో డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌసు.
అదీ వచ్చి పోయేదే,
కానీ లెక్క తప్పదు.

కిందటి నెల గాలివానకి
చెప్పాపెట్టకుండా ఆరిపోయింది ఈ పెట్టె.
రాస్తూ రాస్తూ ఉన్న పద్దు నడిమికి విరిగింది.
నలభై రోజుల అరువు,
ఏ బోటుకెన్ని దిమ్మలు, ఎవరి బాకీ ఎంత,
ఏదీ తెరుచుకోలేదు.
మర్నాటికి బోటు ఓనర్లందరికీ
ఒకేసారి మతిమరుపు వచ్చింది.
చోడిపిల్లి ఎర్రమ్మ ఒక్కతే
చేపలగంప దించి
రొంటినుంచి వలదారం ముక్క లాగింది.
"ఇరవయ్యేడు ముడులు. ముడికో దిమ్మ.
ఎగ్గొట్టీదాన్ని కాను బాబూ, రాసుకో."

రాసుకున్నాను.
అప్పట్నించీ ఈ తీగ మీద నాకు కసి.

పూర్ణా మార్కెట్లో నూటపాతిక పెట్టి కొత్త కేబుల్ తెచ్చాను.
యాభై రెండు. యాభై మూడు.
పలకరించే ప్రోగ్రాముకి
ఆ తలుపు ముట్టుకునే హక్కే లేదని తేలింది.
ఒక రూలు రాశాను:
ఈ కంపెనీ సంఖ్య, ఈ వస్తువు సంఖ్య కనిపిస్తే
ఫలానా గుంపుకి తలుపు తియ్యి.
తీసింది.
బ్యాటరీ నూటికి నూరు, లోడు పదకొండు,
చదువుకుంటూ టీ తాగేలోపు
తెర మీద మళ్ళీ:
డేటా పాచిపోయింది.
ఐసు ఫ్యాక్టరీలో కూర్చుని ఆ మాట చదివి
ఒక్కణ్ణీ నవ్వుకున్నాను.

పొదుపు పేరుతో పోర్టును జోకొడుతున్న కెర్నెల్‌ని
ఆ పని మానెయ్యమన్నాను.
యాభై ఎనిమిది. యాభై తొమ్మిది.
ఆజ్ఞలన్నీ అయిపోయాక
మోకాళ్ళ మీద కూలబడి టార్చి వేశాను.
పోర్టు లోపల, రాగి రేకుల మీద,
ఆకుపచ్చగా
సముద్రం.

వాచ్‌మన్ సూరాడ దానయ్య వంగి చూశాడు.
"ఉప్పుగాలి సారూ. ఇక్కడ తాళంకప్పకే ఆర్నెల్లు ఆయుష్షు.
ఆ గుంటకి తడి తగిలితే ఏటి సేస్తాది?"
నాలుగు రాత్రుల నుంచీ
నేను రాతల్లో వెతుకుతున్నాను.

స్పిరిటు, పాత బ్రష్షు.
ఇంకా నమ్మకం చాలక ముందువైపు పోర్టులోకి మార్చాను.
అరవై ఒకటి. వచ్చింది.
చూస్తూ కూర్చున్నాను.
లైట్‌హౌసు తిరిగింది, తిరిగింది.
వెళ్ళలేదు.

"ప్లగ్గు పీకు, దానయ్యా."
"నిజంగా పీకియ్యమంటారా?"
పీకాడు.
దీపం పచ్చ నుంచి పసుపుకి మారింది.
ఒకటి, రెండు, మూడు.
తెర మీద ఒక వరస:
ఇప్పుడు బ్యాటరీ మీద ఉన్నాను.
ఇంత చిన్న మాట కోసం
ఇంత రాత్రి.

బాకీ తీరిన రోజు ఎర్రమ్మ
ముడులన్నీ విప్పి ఆ దారాన్ని నా బల్ల మీదే వదిలేసింది.
ఊడిపోకుండా కేబుల్‌ని
కుర్చీకోడుకి దాంతోనే కట్టాను.
విప్పిన చోటల్లా ఇంకా వంకరగానే ఉంది.

నాలుగున్నరకి బోట్ల ఇంజన్లు మొదలయ్యాయి.
దిగబోతూ మళ్ళీ అడిగాను.
అరవై ఒకటి.
ఇంకా అరవై ఒకటే.