తోకలో కుర్రాడు

చీపురుపల్లి చోడిచేలో కడుపు మీద దిగిన విమానాన్ని
రెక్కలు విప్పి, ఎడ్లబళ్ల మీద
ఇజీనారం రేకుల షెడ్డుకి తెచ్చారు.

సార్జంటు దొర తూట్ల చుట్టూ సుద్దతో గుర్తులు పెట్టాడు.
సున్నా చుడితే ఇక్కడే అతుకు.
గీత కొడితే రైలెక్కించాలి.
ఇంటూ పెడితే
దాని ఒళ్లు ఒలిచి ఇంకోదానికి.

బుడితి కంచరి ముఖలింగాచారికి సుద్ద అక్కర్లేదు.
సంతలో చెంబు బేరమాడినట్టు
వేలి కణుపుతో కొట్టి చెవి ఆనిస్తాడు.
"పలకడం నేదురా. నోపల బద్ద ఇరిగిపోనాది."

తూటా దూరినచోట చిల్లు గోరంత.
బయటపడినచోట అరచెయ్యంత, అంచులు విచ్చుకుని.
రెంటి మధ్యా సన్నని ఊచ దూర్చి చూశారు
దారిలో ఏమేం తెగాయో:
నూనెగొట్టం, చుక్కాని తీగ,
ఆపైన కుర్చీ వీపు.
ఊచ పట్టుకున్న చెయ్యి అక్కడ కాసేపు ఆగింది.
దొర పుస్తకంలో రాసుకున్నాడు:
కుర్చీ, ఒకటి.

నాకు పన్నెండేళ్లు. బక్కవాణ్ణి.
అందుకే నన్ను తోకలోకి దూర్చారు,
రివెట్టు వెనక ఇనపదిమ్మ ఆనించి పట్టడానికి.
లోపలి చీకట్లో పదిహేడు చిల్లులు, పదిహేడు ఎండ కడ్డీలు
చొక్కా మీద, మోచేతి మీద,
ఒకటి సూటిగా కంట్లో.
బయట ఆచారి ఒక్కో రేకుబిళ్ల పెట్టి కొడుతుంటే
ఒక్కో ఎండా ఆరిపోయేది.

ఆఖరిది మూసేముందు
ఆ కంతలో ఆయన కన్ను.
తర్వాత ఏమీ లేదు, ఆముదం వాసన, నా ఊపిరి.

"ఉన్నావేట్రా?"

దిమ్మతో మూడు దెబ్బలు కొట్టాను.

"పలికినాది" అన్నాడు, ఎవరితోనో.